తంజావూరు పతనము: చారిత్రక నవలాకారుని చిక్కులు

తంజావూరి నాయకరాజుల పేరు వినని తెలుగు కుటుంబము కావేరీ తీరమున అరుదు. 1532 ప్రాంతమున సేవప్ప నాయకునితో ఆరంభమై, అచ్యుతప్ప నాయకుని కాలమున స్థిరపడి, రఘునాథ నాయకుని కాలమున శిఖరమందుకొని, ఆయన కుమారుడైన విజయరాఘవ నాయకునితో 1673లో ముగిసిన రాజ్యమది. దాని ముగింపు మన పెద్దలు చెప్పగా విన్నదే. మధురనేలెడి చొక్కనాథ నాయకుడు విజయరాఘవుని కుమార్తెను కోరెను. వృద్ధరాజు ఇయ్యననెను. మధుర సేనలు తంజావూరు కోటను ముట్టడించెను. అంతఃపుర స్త్రీలు శత్రువుల చేత చిక్కరాదని రాజు వారి మందిరమును మందుగుండుతో పేల్చివేయ నాజ్ఞాపించి, తాను కత్తిపట్టి పోరాడి మడిసెను.

ఈ కథను నవలగా వ్రాయవలెనని మన సంఘములలోని సాహిత్యాభిమానులు అప్పుడప్పుడు ఉబలాటపడుచుందురు. ఉబలాటము సహజమే. రాజకన్య, కోట, అగ్ని, వీరమరణము: నవలకు కావలసిన సామగ్రి సమస్తమును చరిత్రయే వడ్డించిన విస్తరివలె ముందు పెట్టుచున్నది. చారిత్రక నవలాకారునికి ఆధారములు దొరకకపోవుటయే కష్టమని సాధారణముగా అనుకొందురు. తంజావూరి విషయమున కష్టము వేరు. ఇక్కడ ఆధారములు కొల్లలు. పైగా అవి ముందే కథలై కూర్చున్నవి.

పైని చెప్పిన వృత్తాంతమునకు ముఖ్యమైన ఆకరము ‘తంజావూరి ఆంధ్రరాజుల చరిత్ర’ అను తెలుగు వచన గ్రంథము. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు దానిని పరిష్కరించి ప్రకటించిరి. ఎస్. కృష్ణస్వామి అయ్యంగారు 1919లో వెలువరించిన విజయనగర చరిత్రాధారముల సంపుటమూలమున అది తెలుగు రాని చరిత్రకారులకును పరిచితమయ్యెను. ఏకోజీ తంజావూరి నాక్రమించుట వరకు కథ నడపిన గ్రంథము గనుక, ఆ సంఘటనల తరువాత వ్రాసినదనుట స్పష్టము. అనగా దానిని వ్రాసినవానికి ముగింపు తెలియును. ముగింపు తెలిసినవాడు ఆరంభమును కూడ ఆ ముగింపునకు తగినట్లే దిద్దుకొనును. అట్టి గ్రంథమును చేతబట్టి, దానిలోని ఘట్టములను అధ్యాయములుగా పెంచి వ్రాసిన రచయిత చరిత్రను నవలగా మార్చుట లేదు. ఒక కథను మరియొక కథగా తిరుగ వ్రాయుచున్నాడు.

ఆస్థాన కావ్యములను చూతమా, అవి మరియొక విధమైన చిక్కు. రఘునాథుని కొలువున చేమకూర వేంకటకవి ‘విజయవిలాసము’ను రచించెను. రామభద్రాంబ రఘునాథుని చరిత్రను సంస్కృతకావ్యముగా కట్టెను. గోవింద దీక్షితుల కుమారుడైన యజ్ఞనారాయణ దీక్షితుడు అదే ప్రభువు నాయకుడుగా ‘సాహిత్యరత్నాకరము’ వ్రాసెను. విజయరాఘవుడు స్వయముగా కవి. తండ్రి దినచర్యను ద్విపదలో వర్ణించెను. ఆయన కొలువున కనకాభిషేకము నందిన రంగాజమ్మ ‘మన్నారుదాస విలాసము’న ప్రభువునే కథానాయకునిగా నిలిపెను. ఈ గ్రంథములందు రాజు ఎన్నడును ఓడడు, అలయడు, ముసలివాడు కాడు. యుద్ధమును గూర్చి వీనిని సాక్ష్యమడుగుట పెండ్లిపాటను బట్టి వధువు రూపమును నిర్ణయించుట వంటిది. కాని యుద్ధమును విడిచి ఇల్లు, వాకిలి, కొలువుకూటము, భోజనము, పరిచారికల మాట తీరు అడిగినచో ఇవియే నోరు విప్పి చెప్పును. పురుషోత్తమ దీక్షితుని ‘తంజాపురాన్నదాన మహానాటకము’ నా దృష్టిలో వీనియందెల్ల నవలాకారునికి మేటి చుట్టము. రాజుగారి అన్నసత్రమునకు చేరిన బ్రాహ్మణుల సందడిని హాస్యముగా చూపిన రచన అది. రాజసభను వర్ణించు పద్యములు వంద చదివినను దొరకని తంజావూరు ఆ సత్రపు వాకిట దొరకును.

ఇక విదేశీయుల వ్రాతలు. మధుర ప్రాంతమున మతబోధ చేసిన యేసుసభ గురువులు ఏటేట తమ పెద్దలకు లేఖలు పంపుచుండిరి. కంటితో చూచినవారు, లేక చూచినవారిని అడిగి తెలిసికొన్నవారు గనుక వారి మాటకు విలువ హెచ్చు. అయితే ఆ లేఖలు మనకు చేరిన త్రోవను గమనింపుడు. పోర్చుగీసు, లాటిన్ మొదలగు భాషలలో వ్రాసిన వానిని 19వ శతాబ్ది మధ్యమున బెర్ట్రాండ్ గురువు ఫ్రెంచిలో ప్రకటించెను. అందలి భాగములను ఆర్. సత్యనాథ అయ్యరు 1924లో వెలువడిన మధుర నాయకరాజుల చరిత్రకు, వి. వృద్ధగిరీశన్ 1942లో వెలువడిన తంజావూరు నాయకుల చరిత్రకు ఇంగ్లీషున వాడుకొనిరి. మన నవలాకారుడు వానిని తెలుగు చేసికొనును. ఇన్ని చేతులు మారిన నాణెము మీద అక్షరములు అరిగియుండక మానునా? దానికి తోడు తమ మతమునకు చోటిచ్చిన రాజు ధర్మాత్ముడు, ఇయ్యనివాడు క్రూరుడు అను దృష్టి ఆ లేఖలలో అంతట కలదు. డచ్చివారి దృష్టి అంతకంటె సూటి. 1658లో వారు నాగపట్టణమును పోర్చుగీసువారి చేతినుండి గైకొనిరి. వారికి కావలసినది బట్టలు, బియ్యము, సుంకములు, రాజిచ్చిన కౌలు. తంజావూరున ఎవరు కూర్చున్నను తమ కౌలు చెల్లునా చెల్లదా అనునదే వారి చింత. ఇట్టి వర్తకుని చింత నవలకు నీరసమైనదని త్రోసివేయుదురు. నేనట్లనుకొనను. రాజ్యము కూలిన దినమున బజారున ధాన్యపు ధర ఏమయ్యెనో అడుగని నవల ఆ దినమును చూడలేదన్న మాట.

ఈ ఆకరములను ప్రక్కప్రక్కన పెట్టినచో యుద్ధకారణమే మారిపోవును. పిల్ల నియ్యనందులకే యుద్ధము వచ్చినదన్న మాట నాటకమునకు చక్కగా అతుకును. కాని బిజాపురపు సేనలు దక్షిణమునకు దిగినప్పటినుండి మధురకును తంజావూరునకును మధ్య పగ రాజుకొనుచునే యున్నది. 1660 తరువాతి యేండ్లలో చొక్కనాథుడు తంజావూరికి చేరువనున్న వల్లము కోటను పట్టుకొనెను. కన్యను కోరుట ఆ పగమీద పడిన నిప్పురవ్వ మాత్రమే. నవలాకారుడు రాజకన్యను విడువనక్కరలేదు. ఆమె ప్రక్కన వల్లము కోటను కూడ నిలుపవలెను. అట్లు నిలుపనిచో చొక్కనాథుడు కాముకుడైన దుష్టుడుగా, విజయరాఘవుడు నిష్కళంక వీరుడుగా మిగులుదురు. మరచిపోరాని సంగతి ఒకటి కలదు. ఇరువురును తెలుగువారే. తంజావూరిని కూల్చినవాడు పరాయివాడు కాడు. ఈ సంచికను చదువువారిలో మధుర కుటుంబములవారును కలరు, తంజావూరి కుటుంబములవారును కలరు. ఇరువురును ఒక పంక్తిని కూర్చుండి చదువదగిన నవల రావలెను.

కాలనిర్ణయము మరియొక అడవి. తంజావూరు పడినది 1673లో అని సాధారణముగా వ్రాయుదురు. 1674 ఆరంభమని వాదించువారును కలరు. ఇది వాదులాటగా తోచినను, సంవత్సరాదుల భేదము తెలిసినవానికి వింత కాదు. మన ప్రమాదీచ సంవత్సరము 1673 వసంతమున మొదలై 1674 వసంతము వరకు నడచినది. మనకు ఉగాది చాంద్రమానమున వచ్చును. తమిళులకు చిత్తిరై మొదటి దినమున సౌరమానమున వచ్చును. నడుమనున్న దినములలో ఒకే ఊరిలో ఇంటింటికి సంవత్సరము పేరు మారును. ఆ కాలపు ఇంగ్లీషువారు పాత పంచాంగమును పట్టుకొని ఐరోపాలోని తక్కినవారిలో పెక్కుమందికి పది దినములు వెనుకబడియుండిరి. వారి దస్త్రములలో క్రొత్త సంవత్సరము మార్చి 25వ తేదీన పుట్టెడిది. ఈ భేదములను లెక్కింపక వ్రాసినచో, దూత బయలుదేరక మునుపే జాబు చేరినట్లు నవల యందు సంభవింపవచ్చును.

ఈ చిక్కు మన ఇండ్లలోనికి కూడ వచ్చును. పాత కుటుంబములలో తాటాకు మీదనో కాగితము మీదనో ‘రాక్షస నామ సంవత్సరమున మా తాతలు ఈ ఊరు చేరిరి’ అని వ్రాసియున్నదనుకొందము. శకవర్షము లేదు. రాక్షస సంవత్సరము 1615లో వచ్చినది, 1675లో వచ్చినది, 1735లో వచ్చినది. మొదటిదైనచో రఘునాథుడు ప్రభువు. రెండవదైనచో ఏకోజీ చేతికి తంజావూరు పోయిన కాలము. మూడవదైనచో మధురలో రాణి మీనాక్షి నాయకరాజ్యపు చివరి దినములను లెక్కించుచున్నది. అరువదేండ్లు అటునిటు జరిగినచో తాతగారు సైనికుడగునో శరణార్థియగునో చెప్పలేము. ‘మేము విజయనగర సైన్యముతో వచ్చితిమి’ అనుట మన కుటుంబములందు సర్వసాధారణము. కొందరు నిజముగా అట్లే వచ్చిరి. నేతగాండ్రు మగ్గములతో వచ్చిరి, రైతులు నల్లరేగడి నేలలను వెదకుకొనుచు వచ్చిరి, కరవు తరుమగా వచ్చినవారును కలరు. సైన్యముతో వచ్చుటయందున్న గౌరవము ఆకలితో వచ్చుటయందు లేదని మనమనుకొనుటచేత ఎందరి నిజమైన కథలు మరుగున పడినవో!

ఇంటింటి కథలను నవలలో ఎట్లు వాడవలెనో చూపిన పుస్తకము తెలుగున కాక తమిళమున వెలువడినది. కోవిల్‌పట్టి చేరువనున్న ఇడైసెవల్ గ్రామమున తెలుగు మాటలాడు కుటుంబమున జన్మించిన కి. రాజనారాయణన్ (1923–2021) 1976లో ‘గోపల్ల గ్రామం’ అను నవలను ప్రకటించెను. తెలుగుదేశము విడిచి దక్షిణమునకు వచ్చి, కరిసల్ భూమిని సాగుకు తెచ్చిన కుటుంబముల కథ అది. వలస వృత్తాంతమును ఆయన చరిత్రకారుని గొంతుతో చెప్పలేదు. ముసలవ్వ నోట చెప్పించెను. అందలి అద్భుతములు అవ్వ మాటలుగా నిలిచినవి గాని చరిత్రగా నిలువలేదు. అబద్ధమాడక, అవ్వను అవమానింపక, రెండును సాధించెను. దీనికి మించిన ఉపాయము నాకు తెలియదు. షోలాపురపు పద్మశాలీలకు, బరంపురపు తెలుగువారికి, ఫ్రెంచి దస్త్రములలో తాతల పేర్లు వెదకుకొనవలసిన యానామువారికి కూడ ఇది పనికివచ్చును.

తంజావూరికి మరలుదము. ప్రత్యక్షముగా ఊరు చూచివచ్చి వ్రాసితిమని కొందరు గర్వింతురు. చూడవలసినదే. కాని చూచినదానిలోనుండి తీసివేయవలసినది తెలియవలెను. నేటి కావేరిలో 1934లో పూర్తియైన మేట్టూరు ఆనకట్ట కలదు, 1836లో ఆర్థర్ కాటన్ కొల్లడమునకు కట్టిన అడ్డుకట్ట కలదు. విజయరాఘవుని కావేరి ఇంత సాధువు కాదు. పెద్దగుడి ప్రాకారమున కనబడు మహారాష్ట్ర భాషలోని దీర్ఘశాసనము 1803 నాటిది. సరస్వతీ మహలు గ్రంథాలయము నాయకుల కొలువున పుట్టినను, నేడు మనము చూచు దాని సంపద చాలవరకు శరభోజి (1798–1832) కూర్చినది. రాజభవనమున నాయకుల గోడలును మరాటీల గోడలును కలసిమెలసి యున్నవి. 1673లో విజయరాఘవుని నిలుపబోయి ఏ మరాటీ మేడపైనో నిలిపినచో, రాజు తన్ను గెలిచినవారి ఇంట అతిథియగును.

వంటయింటిని గూర్చి ఒక మాట. మిరపకాయ పోర్చుగీసువారి నావలలో వచ్చినది. 1673 నాటి తంజావూరి వంటలో దానిని కొంచెముగా వేయవచ్చును. బంగాళాదుంప, టమాటాలను అంతఃపురమునకు రానీయరాదు. కాఫీ మాట తలపెట్టనే కూడదు. సాంబారు మరాటీ ప్రభువుల వంటశాలలో పుట్టినదని లోకమున ఒక ముచ్చట కలదు; ముచ్చటయే యైనను, విజయరాఘవుని విస్తరిలో సాంబారు పోయుటకు ముందు రచయిత ఒక నిమిషము గరిటె ఆపుట మంచిది. వేషభూషలకు మధుర పుదుమండపములోని నాయకరాజుల శిలాప్రతిమలు కలవు. తిరువారూరు త్యాగరాజస్వామి ఆలయమునందు 17వ శతాబ్ది చివరి కాలమునకు చెందిన ముచుకుంద కథాచిత్రములు కలవు. ఊరేగింపు, నాట్యము, వాద్యములు, మూగిన జనము అన్నియు అందు కనబడును. సినిమా దుస్తులను చూచి వ్రాయుటకంటె ఒక పూట తిరువారూరున గడపుట చౌక.

అన్నిటికంటె కష్టమైనది మాట. తంజావూరి వీథిలో తమిళము, కొలువున తెలుగు, పండితసభలో సంస్కృతము, రేవున పోర్చుగీసు ముక్కలు, సేనలలో దక్కనీ వినబడుచుండెను. తెలుగు నవలలో అందరును తెలుగే మాటలాడుదురు గదా, ఈ భేదమెట్లు తెలియవలెను? విశ్వనాథ సత్యనారాయణగారు ‘ఏకవీర’ను నాయకరాజుల మధురలో నడపిరి. అందలి కుట్టాన్ సేతుపతి తెలుగు వాక్యములలో మాటలాడినను తమిళనాటివాడుగానే తోచును. ఆయన తమిళ పదములను చల్లి ఆ భ్రాంతిని కల్పింపలేదు. వైగై నీరు, ఇంటి మర్యాద, మనుష్యుల అభిమానము పట్టుకొనిరి. ఈనాటి రచయితలు కొందరు రెండు వాక్యముల కొకమారు ‘అయ్యో’ చేర్చి తమిళుడైనాడని సంతోషింతురు. ఇక 17వ శతాబ్ది తెలుగును యథాతథముగా పెట్టుదమన్నచో చదువరి పారిపోవును. నేటి తెలుగును పెట్టినచో రాజు గుమాస్తావలె నుండును. నాటి యక్షగానములలోని సంభాషణలను పలుమారు చదివి, లయను చెవినుంచుకొని, పదములను మాత్రము నేటివి వాడుట మేలని నా అభిప్రాయము.

ఇంత శ్రమ పడినను రేపు ఒక రాయి నేలలోనుండి లేచి నవలను కాదనవచ్చును. తెలుగుదేశమందే అది జరిగినది. అడివి బాపిరాజుగారు ‘గోన గన్నారెడ్డి’ని, నోరి నరసింహశాస్త్రిగారు ‘రుద్రమదేవి’ని వ్రాసిన కాలమున ఆ రాణి మరణమును గూర్చి స్పష్టమైన శాసనము లేదు. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనము తరువాత వెలుగులోనికి వచ్చి, 1289 నవంబరు నాటికి ఆమె దివంగతయైనదని తెలిపినది. ఆమె రాజపుత్రికయే కాని మార్కోపోలో వ్రాసినట్లు రాజుగారి వితంతువు కాదని శాసనములు అంతకు ముందే తేల్చియుండెను. శాసనము వచ్చినందున బాపిరాజుగారి నవల చెడలేదు. దొరికిన ఆధారమును త్రోసిపుచ్చి వ్రాయుట వేరు, దొరకని దానిని నమ్మదగినట్లు ఊహించుట వేరు.

ఆ ఊహకు అసలైన పరీక్ష తంజావూరి అంతఃపురము. ఆకరములన్నియు ఒకచోట ఏకకంఠముగా నున్నవి: స్త్రీల మరణము రాజుగారి మానరక్షణమునకు సంబంధించినది. వారికది సమ్మతమా కాదా అని ఎవరును అడుగలేదు. ఆ కొలువు స్త్రీలు చదువురాని మూగలు కారు. రామభద్రాంబ, మధురవాణి, రంగాజమ్మ ఆ ఆస్థానమున కావ్యములు చెప్పినవారు. అంతటి విద్య వికసించిన చోట, మందుగుండు పేర్చుచున్న చప్పుడు విని ఒక్క స్త్రీయైనను ఎదురుపలుకదా? చాల నవలలలో వారందరును నవ్వుచు, హారతి పట్టినట్లు, మరణమున కేగుదురు. అట్లు వ్రాయుట సులభము, సభలలో చప్పట్లకు అనుకూలము. నేనది అన్యాయమందును. వారు ఏడ్చిరనుటకు ఆధారము లేదని చారిత్రకుడు అడ్డుచెప్పవచ్చును. నవ్విరనుటకు మాత్రము ఆధారమేది?

ఒక స్త్రీ మాత్రము ఆ దినమున చావక బ్రతికెనని ‘ఆంధ్రరాజుల చరిత్ర’యే చెప్పుచున్నది. రాజవంశపు శిశువు చెంగమలదాసును ఒక దాది రహస్యముగా కోటనుండి తప్పించి నాగపట్టణమునకు చేర్చెను. అక్కడ ఒక చెట్టిగారి ఇంట బాలుడు పెరిగెను. చొక్కనాథుడు తంజావూరున నిలిపిన అళగిరి నాయకుడు తానే రాజైనట్లు ప్రవర్తింపసాగెను. అప్పుడు రాయసము వెంకన్న అను పాత ఉద్యోగి బాలుని బిజాపురమునకు గొనిపోయి సుల్తానును ఆశ్రయించెను. సుల్తాను శివాజీ సవతి తమ్ముడైన ఏకోజీని సేనతో పంపెను. బాలుడు గద్దె ఎక్కెను గాని వెంకన్న కోరిన పదవి వెంకన్నకు దక్కలేదు. కినిసిన వెంకన్న ఏకోజీని పురికొల్పెను. 1675–76 నాటికి తంజావూరు మరాటీలదైనది. రాజభక్తి, ఆశ, ద్రోహము ఒకే మనిషిలో ఇమిడిన రాయసము వెంకన్న వంటి పాత్రను కల్పింపవలెనన్నను కష్టము. అతనిని విడిచి నవలాకారులు అగ్నిజ్వాలల దగ్గర కథను ఆపివేయుచున్నారు.

నా వివాదమంతయు ఆ ఆపుటతోనే. అగ్నితో ముగిసిన నవల చదివిన తెలుగు బాలునికి తమ కథ 1673లో కాలిపోయినదని, తాము ఆ బూడిదలో మిగిలినవారమని తోచును. అది నిజము కాదు. తెలుగు కొలువు పోయిన కొలది యేండ్లకే ఏకోజీ కుమారుడు శహాజీ (1684–1712) తెలుగున యక్షగానములు వ్రాసెను. ప్రతాపసింహుని కొలువున ముద్దుపళని కావ్యము చెప్పెను. 1855 వరకు ఆ మరాటీ వంశము పేరు నిలిచియుండగా త్యాగరాజస్వామి (1767–1847) తిరువైయారున తెలుగున పాడెను. మేలట్టూరున నేటికిని నరసింహజయంతి దినములలో తెలుగు భాగవతమేళము ఆడుదురు. చూచువారిలో పెక్కుమందికి తమిళమే ఇంటిభాష.

కనుక ఆ నవలను ఎవరైన వ్రాయబూనినచో, పేరు దక్కని ఆ దాదిని కథకు కేంద్రముగా నిలుపుమని కోరుదును. అగ్నిప్రమాదము మధ్యలో రానిండు, చివర కాదు. చెట్టిగారి ఇంటి వెనుకవసారాలో ఆమె దాగిన దినములుండవలెను. శిశువును ఇతరుల చేత పెట్టిన రాత్రియుండవలెను. బిజాపురపు గుఱ్ఱముల దుమ్ము, వెంకన్న మొగము మారిన గడియ, బాలుడు గద్దె దిగిన దినము వరుసగా రావలెను. చివరి అధ్యాయము 1690 ప్రాంతమున నడచుగాక. ఆమెకు చూపు మందగించినది. తంజావూరి వీథిలో అరుగుమీద కూర్చున్నది. శహాజీ రాజుగారి కొలువులో ఆడుటకు ఎవరో పిల్లలు తెలుగు దరువొకటి వల్లె వేయుచు పోవుచున్నారు. ఆ పిల్లలది ఏ ఇల్లో, ఏ భాషయో ఆమెకు తెలియదు. రెండవ చరణమున వారొక అక్షరము తప్పు పలికిరి. ఆమె పిలిచి దిద్దెను.